రెడిస్ క్లస్టర్ 6.2 నుంచి 7.2కి: క్లయింట్లకి తెలియకుండా ఎంతవరకు సాధ్యం?

#1 రాత్రిడ్యూటీ

అందరికీ నమస్కారం. మా దగ్గర కాష్‌గా (డేటాబేస్ జవాబుల్ని మెమరీలో దాచి వేగంగా ఇచ్చేది) వాడే రెడిస్ క్లస్టర్ ఒకటి ఉంది. 10 మాస్టర్లు (రాతలు తీసుకునే నోడ్లు), ఒక్కోదానికి ఒక్కో రెప్లికా (దాని నకలు), అన్నీ 6.2 మీద నడుస్తున్నాయి. దీన్ని 7.2కి తీసుకెళ్లాలి. వెనక రిలేషనల్ డేటాబేస్ ఉంది. ముందు దాదాపు అన్నీ జావా సర్వీసులు, కొన్ని పైథాన్‌వి. హిట్ రేటు (అడిగింది కాష్‌లోనే దొరికే వాటా) మామూలుగా 95 శాతం దగ్గర ఉంటుంది.

డాక్యుమెంటేషన్‌లో ఉన్న పద్ధతి తెలుసు. ముందు రెప్లికాలు, తర్వాత ఫెయిలోవర్ (రెప్లికాని మాస్టర్ చేయడం), ఆ తర్వాత పాత మాస్టర్లు. చదవడానికి మూడు లైన్లే. ఆ లైన్ల మధ్యలో క్లయింట్ల పరిస్థితి ఏమిటన్నది ఎవరూ రాయలేదు. పైనుంచి మాత్రం "జీరో డౌన్‌టైమ్" అని మాట వచ్చేసింది. నిజంగా సున్నా అవుతుందా? కాకపోతే ఎంతకి ఒప్పుకోమని చెప్పాలి?

#2 సూటిమాట

కాష్ అంటేనే పోయినా ఫర్వాలేని డేటా కదండీ. ట్రాఫిక్ తక్కువున్న వేళ చూసి అన్నీ ఆపేయండి, కొత్త వెర్షన్ ఎక్కించండి, ఖాళీగా లేపేయండి. అయిదు నిమిషాల పని. దీనికింత తతంగం ఎందుకు?

#3 డీబీకాపలా

సూటిమాట గారూ, ఆ అయిదు నిమిషాల తర్వాతి కథ మీకు కనబడదు, మాకు కనబడుతుంది. లెక్క వేసి చూడండి. హిట్ రేటు 95 అంటే వంద రీడ్లలో డేటాబేస్ దాకా వచ్చేవి అయిదు. కాష్ మొత్తం ఖాళీ అయితే వందకి వంద వస్తాయి. అంటే 20 రెట్లు. ఒక్క రాత్రి కోసం 20 రెట్ల కెపాసిటీ ఎవరు కొనిపెడతారు?

సరే, అన్నీ వద్దు, పదింట్లో ఒక్క షార్డే (ఒక మాస్టర్, దాని రెప్లికా కలిసిన ముక్క) ఖాళీ అయిందనుకుందాం. కీలు (కాష్‌లో దాచిన డేటా పేర్లు) సమానంగా సర్దుకుని ఉంటే మిస్‌లు 5 శాతం నుంచి 14.5కి వెళ్తాయి. హిట్ రేటు 95 నుంచి 85.5కి దిగినట్టు కనబడుతుంది, అదేం పెద్ద విషయంలా అనిపించదు. డేటాబేస్ వైపు నుంచి చూస్తే లోడ్ దాదాపు మూడింతలైంది. డాష్‌బోర్డులో హిట్ శాతం కాదు, మిస్‌ల సంఖ్య పెట్టుకోండని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను.

ఇంకో సంగతి. లోడ్ పెరిగి క్వెరీ నెమ్మదిస్తే సర్వీసు టైమ్‌అవుట్ అయి వెళ్లిపోతుంది. ఆ జవాబు ఇక కాష్‌లోకి ఎక్కనే ఎక్కదు. మళ్లీ రిట్రై, మళ్లీ అదే క్వెరీ. ట్రాఫిక్‌ని ఎవరో ఒకరు తగ్గిస్తే తప్ప దానంతట అది కోలుకోదు. కోలుకుందే అనుకోండి, కీలన్నీ ఒకే వేళకి నిండాయి కాబట్టి టీటీఎల్ (కీ బతికే గడువు) గంట పెట్టి ఉంటే సరిగ్గా గంటకి అన్నీ కట్టగట్టుకుని పోతాయి. టీటీఎల్‌కి కాస్త ర్యాండమ్ కలపని చోట ఈ రెండో దెబ్బ ఖాయం.

#4 పాతకాపు

రాత్రిడ్యూటీ గారూ, "సున్నా" అని ఎవరికీ మాటివ్వకండి. ఒక్కో షార్డ్‌కి రాతలు కొద్దిసేపు ఆగుతాయి, చదవడాలు దాదాపు ఆగవు, డేటా పోదు. ఇంతవరకు ధైర్యంగా చెప్పొచ్చు.

మాన్యువల్ ఫెయిలోవర్‌ని ఒకసారి దగ్గరగా చూద్దాం. క్లస్టర్ ఫెయిలోవర్ కమాండ్ ఇవ్వాల్సింది రెప్లికాకి, మాస్టర్‌కి కాదు. అది అందుకోగానే రెప్లికా తన మాస్టర్‌కి కబురు పెడుతుంది. మాస్టర్ క్లయింట్ల రాతల్ని నిలిపి, తన రెప్లికేషన్ ఆఫ్‌సెట్ (రాతలు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే లెక్క) ఎంతో చెబుతుంది. రెప్లికా సరిగ్గా అక్కడిదాకా చేరుకున్నాకే మిగతా మాస్టర్ల ఓట్లు అడుగుతుంది, కొత్త ఎపాక్ (పదవీకాలం సంఖ్య) తీసుకుని మాస్టర్‌గా మారుతుంది. పాత మాస్టర్ అప్పటిదాకా ఆపి ఉంచిన క్లయింట్లని వదిలి, "మూవ్డ్" అంటూ కొత్త అడ్రసు ఇస్తుంది. రెప్లికా వెనకబడి లేకపోతే ఇదంతా సెకను లోపు తేలిపోతుంది. 5 సెకన్లలో అందుకోలేకపోతే ప్రయత్నం రద్దవుతుంది, పాత మాస్టరే కొనసాగుతుంది. అందుకే రాతలు భారీగా ఉన్న వేళ ఈ పని పెట్టుకోకూడదు.

కమాండ్‌కి ఓకే అని జవాబు రాగానే స్క్రిప్టు తర్వాతి లైనుకి దూకకూడదు. కమాండ్ అందింది, ప్రయత్నం మొదలవుతుంది, అంతవరకే దాని భావం. నిజంగా పదవి మారిందో లేదో రోల్ కమాండ్‌తోనో క్లస్టర్ నోడ్స్‌తోనో చూసుకుని, పాత మాస్టర్ కొత్తదానికి రెప్లికాగా చేరి లింక్ అప్ అయ్యాకే ముందుకి కదలాలి. ఒకసారికి ఒక్క షార్డే. ఫెయిలోవర్‌కి మాస్టర్లలో మెజారిటీ ఓటు కావాలి కాబట్టి పదింటినీ ఒకేసారి కదిపే స్క్రిప్టులు రాయకండి.

#5 కొత్తబిచ్చగాడు

ఒక చిన్న సందేహం అండీ. మాస్టర్‌ని నేరుగా ఆపేస్తే రెప్లికా తనంతట తనే మాస్టర్ అవుతుంది కదా? అదీ ఫెయిలోవరే. మరి ఈ మాన్యువల్ తంతు దేనికి?

#6 పాతకాపు

మంచి ప్రశ్నే. తేడా సెకన్లలో ఉంది. మాస్టర్ చెప్పాపెట్టకుండా పోతే, అది పోయిందని మిగతా నోడ్లు ఒప్పుకోవడానికే క్లస్టర్-నోడ్-టైమ్‌అవుట్ దాటాలి. అప్రమేయంగా (డిఫాల్ట్‌గా) అది 15 సెకన్లు. ఆ తర్వాత రెప్లికా ఇంకో అర సెకను నుంచి సెకను ఆగి ఓట్లు అడుగుతుంది. అంతసేపూ ఆ షార్డ్‌లో రాతలు లేవు, రెప్లికా నుంచి చదివే ఏర్పాటు లేకపోతే చదవడాలూ లేవు.

రెండో సంగతి ఇంకా కష్టమైంది. రెప్లికేషన్ అసింక్రనస్. మాస్టర్ క్లయింట్‌కి ఓకే చెప్పేసి, రెప్లికాకి ఇంకా పంపని రాతలు దానితోపాటే పోతాయి. 7.0 నుంచి షట్‌డౌన్ చేసేటప్పుడు రెప్లికాలు అందుకోవడానికి 10 సెకన్ల దాకా ఆగే ఏర్పాటు వచ్చింది, మీ 6.2లో అది లేదు. మూడోది: క్లస్టర్-రిక్వైర్-ఫుల్-కవరేజ్ అప్రమేయంగా ఎస్. మాస్టర్ ఫెయిల్ అని ముద్ర పడ్డాక కొత్తది వచ్చేదాకా ఆ షార్డ్ ఒక్కటే కాదు, మొత్తం క్లస్టర్ "క్లస్టర్ డౌన్" అంటుంది. కాష్ కోసం వాడేవాళ్లు దీన్ని నో పెట్టుకోవడం మేలు. తొమ్మిది షార్డ్లు బాగుండగా పదోదాని కోసం అందర్నీ ఎందుకు ఆపాలి?

#7 జావామనిషి

పాతకాపు గారు చెప్పింది సర్వర్ వైపు సగం. నొప్పి పుట్టేది రెండో సగంలో, క్లయింట్ లైబ్రరీలో.

మొత్తం 16384 స్లాట్లు. ఏ స్లాట్ ఏ నోడ్ దగ్గరుందో ప్రతి క్లయింటూ తన దగ్గర ఒక పటం పెట్టుకుంటుంది. ఫెయిలోవర్ కాగానే ఆ పటం పాతబడుతుంది. పాత నోడ్ దగ్గరికి వెళ్తే మూవ్డ్ అంటుంది, లైబ్రరీ కొత్త చోటికి వెళ్లి పని చేసుకొస్తుంది. మోసమంతా ఇక్కడే. మూవ్డ్ రాగానే పటాన్ని తిరగరాసుకునే లైబ్రరీలు కొన్ని. ఆ ఒక్క కమాండ్‌ని దారి మళ్లించి, పటాన్ని అలాగే వదిలేసేవి కొన్ని. లెట్యూస్ అనే జావా లైబ్రరీలో టోపాలజీ రిఫ్రెష్‌ని (ఆ పటాన్ని తాజా చేసుకోవడాన్ని) మనం ఆన్ చేసుకోకపోతే చాలా వెర్షన్లలో రెండో రకంగానే నడుస్తుంది. అప్పుడు ఫెయిలోవర్ తర్వాత గ్రాఫులన్నీ పచ్చగా ఉంటాయి. ప్రతి కమాండూ రెండు చోట్లకి తిరుగుతోంది కాబట్టి లేటెన్సీ కొంచెం పెరుగుతుంది, అంతే. హమ్మయ్య అనుకుని పాత మాస్టర్‌ని అప్‌గ్రేడ్ కోసం ఆపుతారు. ఎర్రర్లు మొదలయ్యేది అప్పుడు. ఆ క్లయింట్లకి కొత్త అడ్రసు చెబుతున్నది ఆ పాత నోడే, దాన్నే ఆపేశారు.

కాబట్టి ఫెయిలోవర్‌కీ, పాత మాస్టర్‌ని ఆపడానికీ మధ్య ఒక తనిఖీ పెట్టండి. 6.2 నుంచి ఇన్ఫో ఎర్రర్‌స్టాట్స్‌లో ఏ రకం ఎర్రర్ ఎన్నిసార్లు ఇచ్చిందో లెక్క ఉంటుంది. పాత మాస్టర్ మీద మూవ్డ్ లెక్క చూడండి. ఫెయిలోవర్ కాగానే ఒక్కసారి ఎగబాకి, కాసేపట్లో కదలకుండా నిలబడాలి. ఎక్కుతూనే ఉందంటే ఎవరో ఒక క్లయింట్ పటం మార్చుకోలేదన్నమాట. క్లయింట్ లిస్ట్ తీసి, అడ్రసు పట్టుకుని, ఆ టీమ్‌ని లేపండి. క్లయింట్లకి పేర్లు పెట్టించి ఉంటే ఈ వెతుకులాట చాలా తేలిక.

టైమ్‌అవుట్ల సంగతి కూడా చూసుకోండి. లెట్యూస్‌లో కమాండ్ టైమ్‌అవుట్ అప్రమేయంగా 60 సెకన్లు. కాష్ జవాబు కోసం 60 సెకన్లు వేచి చూసే థ్రెడ్డు ఎందుకండీ, ఆలోపు డేటాబేస్‌ని అడిగినా వచ్చేస్తుంది. ఇంకో జావా లైబ్రరీ జెడిస్‌లో 2 సెకన్లు, అదీ నా దృష్టిలో ఎక్కువే.

#8 డీబీకాపలా

> ఆలోపు డేటాబేస్‌ని అడిగినా వచ్చేస్తుంది

ఒక్కరు అడిగితే వస్తుంది. అన్ని థ్రెడ్లూ టైమ్‌అవుట్ కాగానే నా మీదికి దూకితే రాదు. కాష్ దొరకనప్పుడు ఒకే కీ కోసం ఒక్క ప్రాసెస్‌లో ఒక్క క్వెరీయే వెళ్లేలా, మిగతావాళ్లు ఆ జవాబు కోసం ఆగేలా కోడ్‌లో కట్టుదిట్టం చేయండి. ఫేస్‌బుక్ వాళ్లు 2013లో మెమ్‌కాష్ (మెమ్‌కాష్డ్ అనే కాష్ సర్వర్ మీద కట్టిన వ్యవస్థ) మీద రాసిన పేపర్‌లో దీనికే లీజు పద్ధతి వివరించారు. మిస్ అయినవాడికి సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది, టోకెన్ ఉన్నవాడే నింపాలి, మిగతావాళ్లు కాస్త ఆగి మళ్లీ అడగాలి.

#9 రింగుమాస్టర్

మెమ్‌కాష్డ్ వైపు నుంచి నా రెండు మాటలు. మా దగ్గర రెప్లికా అనేదే లేదు, కాబట్టి ఫెయిలోవర్ అనే సుఖం కూడా లేదు. కీ ఏ సర్వర్‌కి వెళ్లాలో క్లయింటే కన్సిస్టెంట్ హ్యాషింగ్‌తో తేల్చుకుంటుంది. ఒక సర్వర్ ఆగితే దాని వాటా కీలు మాత్రమే పక్కవాళ్లకి వెళ్తాయి, మిగతావి కదలవు. మామూలు మాడ్యులో హ్యాషింగ్ (సర్వర్ల సంఖ్యతో భాగించి శేషం చూసే పద్ధతి) వాడేవాళ్లకి మాత్రం ఒక్క సర్వర్ తీసినా దాదాపు అన్ని కీలూ చెల్లాచెదురవుతాయి. ఇప్పటికీ అలా నడిపేవాళ్లున్నారు.

అందరికీ తెలియని సౌకర్యం ఒకటుంది. మెమ్‌కాష్డ్ 1.5.18 నుంచి డేటా మెమరీని ఒక ఫైల్‌లో పెట్టుకోవచ్చు. ఆ ఫైల్‌ని టీఎంపీఎఫ్‌ఎస్ (మెమరీలోనే ఉండే ఫైల్ సిస్టమ్) మీద ఉంచి, ప్రాసెస్‌ని యూజర్1 సిగ్నల్‌తో పద్ధతిగా దించితే, మళ్లీ లేచినప్పుడు డేటా అలాగే ఉంటుంది. మెమరీ పరిమితి లాంటి సెట్టింగులు మధ్యలో మార్చకూడదు, మెషీన్ రీబూట్ చేయకూడదు. సెక్యూరిటీ ప్యాచ్ ఎక్కించడం లాంటి పనులకి ఇది చాలు.

పై పేపర్‌లోనే గట్టర్ అనే ఏర్పాటు ఉంది. క్లస్టర్‌లో సుమారు ఒక శాతం మెషీన్లని ఊరికే పక్కన ఉంచుతారు. అసలు సర్వర్ పలకకపోతే క్లయింట్ వాటిని అడుగుతుంది, అక్కడ చిన్న టీటీఎల్‌తో నింపుతుంది. కీలని వేరే అసలు సర్వర్ల మీదికి తోయరు. ఎందుకంటే ఒక్క వేడి కీ వెళ్లి పడిందంటే ఆ పక్క సర్వర్ కూడా కూలుతుంది.

#10 సూటిమాట

నా మొదటి పోస్టుకి చీవాట్లు పడ్డాయి, సరే. కానీ ఒక మాట అడుగుతాను. రెండు సెకన్లు కాష్ పలకకపోతే మీ సర్వీసు పడిపోతుందంటే, రోగం కాష్‌లో ఉందా, సర్వీసులో ఉందా? అప్‌గ్రేడ్ కాకపోయినా ఏదో ఒకరోజు ఒక నోడ్ చస్తుంది. సర్క్యూట్ బ్రేకర్ (పలకనిదాన్ని కాసేపు అడగడం మానేసే ఏర్పాటు) పెట్టుకోండి. కాష్ లేకపోతే పేజీలో ముఖ్యం కాని ముక్కలు వదిలేసి మిగతాది చూపించండి. అది చేయకుండా ఫెయిలోవర్‌కి పూజలు చేయడం నాకు నచ్చదు.

#11 డీబీకాపలా

ఈసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటా.

#12 చిట్టిపాడ్

రాత్రిడ్యూటీ గారూ, మీది కుబర్నెటిస్ (కంటైనర్లని నడిపే వ్యవస్థ) మీద ఉందా? ఉంటే జాగ్రత్త. స్టేట్‌ఫుల్‌సెట్ (నంబర్లున్న పాడ్ల గుంపు, పాడ్ అంటే అక్కడ నడిచే ఒక్కో కాపీ) రోలింగ్ అప్‌డేట్ పెద్ద నంబరు పాడ్ నుంచి మొదలై చిన్న నంబరు వైపు వస్తుంది. ఎవరు మాస్టరో ఎవరు రెప్లికానో దానికి పట్టదు. మొదట్లో 0 నుంచి 9 వరకు మాస్టర్లుగా ఉన్నా, ఏదో ఒకనాటి ఫెయిలోవర్‌లో తారుమారై ఉంటాయి. అప్‌డేట్ స్ట్రాటజీని ఆన్‌డిలీట్‌కి మార్చి, ఏ పాడ్ ఎప్పుడు పోవాలో మీ స్క్రిప్టే నిర్ణయించడం నయం. పాడ్ డిస్రప్షన్ బడ్జెట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. అది నోడ్ డ్రెయిన్ లాంటి ఎవిక్షన్లకి అడ్డు పడుతుంది కానీ స్టేట్‌ఫుల్‌సెట్ తన రోలింగ్ అప్‌డేట్ తాను చేసుకుంటుంటే ఆపదు.

రెడీనెస్ ప్రోబ్‌లో (పాడ్ సిద్ధమైందా అని చూసే పరీక్షలో) ఉత్త పింగ్ పెట్టినవాళ్లు అది మార్చండి. లోడ్ అవుతున్నంతసేపు పింగ్‌కి లోడింగ్ అని ఎర్రర్ వస్తుంది, నిజమే. కానీ లోడ్ అయిపోయి, మాస్టర్‌తో ఇంకా సింక్ కాని రెప్లికా కూడా పాంగ్ అనేస్తుంది. కుబర్నెటిస్ అది చూసి "రెడీ" అనుకుని తర్వాతి పాడ్ మీద పడుతుంది. మాస్టర్ లింక్ స్టేటస్ అప్ అయితేనే రెడీ అనేలా స్క్రిప్టు పెట్టాలి.

గ్రేస్ పీరియడ్ (ఆగమన్నాక పాడ్‌కిచ్చే గడువు) అప్రమేయంగా 30 సెకన్లే. పెద్ద డేటాసెట్‌ని డిస్క్‌కి రాస్తూ అది దాటిపోతే సిగ్‌కిల్ పడుతుంది, అంటే బలవంతంగా చంపేస్తుంది. ఆ సంఖ్య పెంచుకోండి.

#13 రాత్రిడ్యూటీ

చిట్టిపాడ్ గారూ, మావి వర్చువల్ మెషీన్లు, కుబర్నెటిస్ కాదు. అందరికీ ధన్యవాదాలు, ఇంత వస్తుందనుకోలేదు. రెండు ప్రశ్నలు మిగిలాయి. రెప్లికాని ఆపి 7.2తో లేపినప్పుడు ప్రతిసారీ ఫుల్ సింక్ (మొత్తం డేటా మళ్లీ కాపీ) అవుతుందా? మా ఒక్కో మాస్టర్‌లో 20 జీబీకి పైగా ఉంది. ఇంకా, ఏదైనా తేడా వస్తే 6.2కి వెనక్కి రావడం ఎంతవరకు కుదురుతుంది?

#14 పాతకాపు

మొదటిదానికి: ప్రతిసారీ కానక్కర్లేదు. రెడిస్ 4.0 నుంచి ఆర్‌డీబీ (డేటా మొత్తాన్ని డిస్క్‌కి రాసే) ఫైల్‌లోనే రెప్లికేషన్ ఐడీ, ఆఫ్‌సెట్ రాసి పెడుతుంది. రెప్లికాని షట్‌డౌన్ సేవ్‌తో దించితే, లేచాక ఆ ఫైల్ చదువుకుని "నేను ఇక్కడిదాకా ఉన్నాను, మిగతాది ఇవ్వు" అని మాస్టర్‌ని అడుగుతుంది. ఆ మిగతాది మాస్టర్ బ్యాక్‌లాగ్‌లో (ఇటీవలి రాతల్ని ఉంచే బఫర్‌లో) ఉంటే పార్షియల్ సింక్‌తో పని అయిపోతుంది. చిక్కేమిటంటే బ్యాక్‌లాగ్ సైజు అప్రమేయంగా 1 ఎంబీ. రాతలున్న క్లస్టర్‌లో అది ఒక ఊపిరి పీల్చేలోగా నిండిపోతుంది. మీ రెప్లికా దిగి లేవడానికి పట్టే సమయంలో ఎన్ని బైట్లు రాస్తారో మాస్టర్ రెప్లికేషన్ ఆఫ్‌సెట్‌ని రెండుసార్లు చూసి తేడా తీస్తే తెలుస్తుంది. దానికి రెట్టింపు పెట్టండి. రీస్టార్ట్ అక్కర్లేదు, కాన్ఫిగ్ సెట్‌తో మారుతుంది. సేవ్ అనే మాట మరవద్దు. కాష్ కదా అని సేవ్ పాయింట్లు తీసేసి ఉంటే, ఉత్త షట్‌డౌన్ ఏమీ రాయకుండానే దిగిపోతుంది.

ఫుల్ సింక్ తప్పకపోతే రెండు చూసుకోండి. మాస్టర్ ఫోర్క్ అవుతుంది (తన ప్రాసెస్‌కి నకలు తీస్తుంది), ఆ సేపట్లో రాతలు పడ్డ పేజీలన్నీ కాపీ అవుతాయి, మెమరీ పెరుగుతుంది. మ్యాక్స్‌మెమరీని మెషీన్ మెమరీకి అంచుల దాకా పెట్టినవాళ్లకి కర్నెల్ వచ్చి ప్రాసెస్‌ని చంపేస్తుంది. ఇక రెప్లికా ఔట్‌పుట్ బఫర్ పరిమితి: 256 ఎంబీ దాటినా, 64 ఎంబీ పైన 60 సెకన్లు ఉన్నా మాస్టర్ ఆ లింక్‌ని తెంచేస్తుంది. 20 జీబీ పంపేలోపు ఆ బఫర్ నిండటం, తెగడం, మళ్లీ మొదట్నుంచి ఫుల్ సింక్, మళ్లీ నిండటం. ఈ చక్రంలో చిక్కుకున్న రెప్లికాని చూస్తూ కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ. ముందే ఆ పరిమితి పెంచండి.

రెండోదానికి: రెప్లికాలే మార్చినంతవరకు వెనక్కి రావడంలో కష్టం లేదు. 6.2 రాసేది ఆర్‌డీబీ వెర్షన్ 9, దాన్ని 7.2 చదువుతుంది. ఫెయిలోవర్ అయ్యాక దిశ తిరగబడుతుంది. 7.2 రాసేది వెర్షన్ 11, దాన్ని 6.2 చదవలేదు. పాత మాస్టర్ పార్షియల్ సింక్‌తో అతుక్కుంటే లింక్ అప్ అనే చూపిస్తుంది, కమాండ్లూ వస్తుంటాయి, ఆ స్థితిలో దాన్ని మళ్లీ మాస్టర్ చేసుకునే అవకాశం ఉంటుంది. హామీ మాత్రం లేదు. లింక్ తెగి, బ్యాక్‌లాగ్ దాటి, ఫుల్ సింక్ కావాల్సి వస్తే ఆ దారి మూసుకుపోతుంది. జావామనిషి గారన్నట్టు మూవ్డ్ లెక్క ఆగేదాకా ఆగండి, కానీ ఆ షార్డ్‌ని రెండు వెర్షన్ల మధ్య రాత్రంతా వదిలి ఇంటికెళ్లకండి.

నా లెక్కలో ముఖ్యమైన పని ఇంకా ఎవరూ చెప్పలేదు. అప్‌గ్రేడ్‌కి ముందే, ఇప్పుడున్న 6.2 మీదే, ఒక షార్డ్‌లో ఫెయిలోవర్ చేసి చూడండి. అంతా సర్దుకున్నాక పాత మాస్టర్‌ని దించి లేపండి. వెర్షన్ ఏమీ మారలేదు కాబట్టి అప్పుడు తేడా వస్తే అది క్లయింట్లదే. వెర్షనూ ఫెయిలోవరూ ఒకే రాత్రి మొదటిసారి చేస్తే, దేనివల్ల పడిందో తేల్చడానికే తెల్లారిపోతుంది.

#15 తాళంచెవి

ఏసీఎల్ (ఏ యూజర్‌కి ఏ అనుమతో చెప్పే జాబితా) వాడుతున్నారా? వాడితే ఇది చూడండి. పబ్‌సబ్ (ఒకరు పంపితే చేరినవాళ్లందరికీ అందే మెసేజ్‌ల పద్ధతి) ఛానెళ్ల అనుమతి 6.2లో కొత్త యూజర్లకి అప్రమేయంగా అన్నిటికీ ఉండేది. 7.0 నుంచి అప్రమేయంగా దేనికీ లేదు. ఏసీఎల్ ఫైల్‌ని చేత్తో రాసుకుని, ఛానెళ్ల గురించి ఏమీ చెప్పని యూజర్లు 7.2 మీద సబ్‌స్క్రైబ్ చేయబోతే నో-పర్మ్ అని ఎర్రర్ వస్తుంది. గెట్, సెట్ మామూలుగా నడుస్తాయి కాబట్టి మొదటి షార్డ్ మీద ఎవరూ గమనించరు. కాష్ ఇన్‌వాలిడేషన్ మెసేజ్‌లు పబ్‌సబ్ మీద పంపేవాళ్లకి ఇది మరీ పాడు. ఎర్రర్ గట్టిగా అరవదు, లోకల్ కాష్‌లో పాత డేటా మాత్రం మిగిలిపోతుంది. ఫైల్‌లో ఛానెళ్ల అనుమతి స్పష్టంగా రాసేయండి, 6.2కీ అది అర్థమవుతుంది.

#16 జావామనిషి

ఒకటి మరిచాను. ప్రాసెస్‌ని ఆపితే కర్నెల్ కనెక్షన్లు మూసేస్తుంది, క్లయింట్‌కి ఆ క్షణమే తెలుస్తుంది. వర్చువల్ మెషీన్‌ని ఒక్కసారిగా పవర్ ఆఫ్ చేస్తే మాత్రం అవతలివాడికి చెప్పేవాళ్లు ఉండరు. లినక్స్ అప్రమేయ సెట్టింగులతో, జవాబు రాని ప్యాకెట్‌నే మళ్లీ మళ్లీ పంపుతూ దాదాపు 15 నిమిషాల దాకా కనెక్షన్ బతికే ఉందనుకుంటుంది. కాబట్టి ఓఎస్ ప్యాచ్ కూడా కలిపి చేసే ఆలోచన ఉంటే, ముందు రెడిస్‌ని దించి, తర్వాతే మెషీన్‌ని ముట్టుకోండి. క్లయింట్ల వైపు టీసీపీ యూజర్ టైమ్‌అవుట్ పెట్టుకుంటే అనుకోని చావులకి కూడా పనికొస్తుంది.

#17 రాత్రిడ్యూటీ

అప్‌డేట్ ఇస్తున్నాను. పాతకాపు గారన్నట్టు 6.2 మీదే ఒక షార్డ్‌లో ఫెయిలోవర్ చేశాం. జావా సర్వీసుల్లో ఎక్కువ భాగం మూవ్డ్ అందుకుని వెంటనే సర్దుకున్నాయి. పాత మాస్టర్ మీద ఎర్రర్‌స్టాట్స్ చూస్తే లెక్క ఆగలేదు, నిదానంగా ఎక్కుతూనే ఉంది. క్లయింట్ లిస్ట్‌లో అడ్రసులు తీస్తే రిపోర్టులు తయారుచేసే ఒక సర్వీసు దొరికింది. లెట్యూసే, రిఫ్రెష్ ఆన్ చేయలేదు. దాని గ్రాఫుల్లో ఒక్క ఎర్రర్ కూడా లేదు! ఇది తెలియకుండా పాత నోడ్‌ని ఆపి ఉంటే ఆ సర్వీసు మొత్తం కూర్చుండిపోయేది. వాళ్లు అడాప్టివ్ రిఫ్రెష్ ఆన్ చేసి రిలీజ్ ఇచ్చాక మళ్లీ చేస్తే లెక్క ఆగింది.

తాళంచెవి గారూ, మీరు చెప్పిన ఏసీఎల్ తేడా మా ఫైల్‌లో ఉంది. సరిచేశాం.

ఒక్క రెప్లికాతో ఈ పని చేయడం నాకు భయంగానే ఉంది. రెప్లికా అప్‌గ్రేడ్‌లో ఉన్నంతసేపు మాస్టర్ ఒంటరి. అందుకని ఒక్కో షార్డ్‌కి 7.2తో కొత్త రెప్లికాని అదనంగా చేర్చి, దానికే ఫెయిలోవర్ ఇద్దామనుకుంటున్నాం. పని అయ్యాక మిగిలినవి తీసేస్తాం.

#18 పాతకాపు

అదే సరైన దారి. మెషీన్లు దొరికితే నేనూ అలాగే చేస్తాను. కాకపోతే ఒక తిరకాసు ఉంది. క్లస్టర్-మైగ్రేషన్-బ్యారియర్ అప్రమేయంగా 1. అంటే ఏదైనా మాస్టర్‌కి ఉన్న రెప్లికా పోతే, రెండు రెప్లికాలున్న ఇంకో షార్డ్ నుంచి ఒకటి దానంతట అదే అక్కడికి వలస వెళ్తుంది. మామూలు రోజుల్లో మంచి గుణమే. మీరు ఒక షార్డ్ రెప్లికాని దించగానే పక్క షార్డ్‌లోని మీ కొత్త 7.2 రెప్లికా అక్కడికి వెళ్లి కూర్చుంటే, మీ స్క్రిప్టులో రాసుకున్న జంటలన్నీ తప్పవుతాయి. పని మొదలెట్టేముందు ఆ విలువని పెద్ద సంఖ్యకి పెంచి, అంతా అయ్యాక పాత విలువకి తెచ్చుకోండి.

#19 కొత్తబిచ్చగాడు

ఇంత కష్టపడి మారేటప్పుడు నేరుగా వాల్కీకే వెళ్లిపోవచ్చు కదండీ? లైసెన్సు గొడవ కూడా ఉండదు.

#20 పాతకాపు

వెళ్లొచ్చు. 2024 మార్చిలో రెడిస్ లైసెన్సు మారినప్పుడు 7.2.4 నుంచి విడిపోయిందే వాల్కీ. కాబట్టి 7.2 వరకు ఉన్న రెడిస్ నుంచి వాల్కీ 7.2కో 8కో ఇదే రెప్లికా పద్ధతిలో మారవచ్చు. రెడిస్ 7.4కి వెళ్లాక మాత్రం ఆ దారి మూసుకుంటుంది, దాని ఆర్‌డీబీ వెర్షన్ 12, వాల్కీకి అది చదవడం రాదు. రాత్రిడ్యూటీ గారి సంస్థలో ఈ నిర్ణయం ఇంకా తేలకపోతే 7.2 దగ్గర ఆగడం రెండు వైపులా కలిసొస్తుంది.

#21 రాత్రిడ్యూటీ

తేలలేదు, అందుకే 7.2 ఎంచుకున్నాం. ప్రస్తుతం నాలుగు షార్డ్లు అయ్యాయి. రాతలకి పట్టిన ఆగుడు సర్వీసుల వైపు ఒక రిట్రైలో కలిసిపోయింది, డేటాబేస్ గ్రాఫ్ కదల్లేదు. పైవాళ్లకి "జీరో" అనకుండా "షార్డ్‌కి ఒక్క రిట్రై" అని రాసి పంపాం. ఏమీ అనలేదు.

పాత నోడ్లని తీసేయడంలో చిన్న చిక్కు వచ్చింది. క్లస్టర్ ఫర్గెట్ ఇస్తే నోడ్ పోతోంది, కాసేపటికి క్లస్టర్ నోడ్స్‌లో మళ్లీ ప్రత్యక్షమవుతోంది. ఎందుకు?

#22 చిట్టిపాడ్

ఫర్గెట్ ఇచ్చిన నోడ్ ఒక్కటే దాన్ని మర్చిపోతుంది, అదీ 60 సెకన్ల నిషేధంతో. మిగతావాళ్లకి ఇంకా గుర్తుంటే, ఆ 60 సెకన్లు దాటగానే గాసిప్‌లో (నోడ్లు తమలో తాము చెప్పుకునే కబుర్లలో) ఆ పేరు మళ్లీ వచ్చి చేరుతుంది. 7.2లో ఈ మరుపు గాసిప్ ద్వారా మిగతావాళ్లకి కూడా చేరుతుంది కానీ మీ దగ్గర ఇంకా 6.2 నోడ్లు ఉన్నాయి, వాటికి ఆ సంగతి తెలియదు. లూప్ రాసి బతికున్న అన్ని నోడ్లకీ నిమిషం లోపల ఫర్గెట్ పంపండి, రెప్లికాలతో సహా. లేదా రెడిస్-సీఎల్ఐలో డెల్-నోడ్ వాడండి, ఆ తిరుగుడంతా అదే తిరిగి, ఆఖర్న ఆ నోడ్‌కి రీసెట్ కూడా పంపుతుంది.

#23 రాత్రిడ్యూటీ

లూప్ పనిచేసింది. మిగతా ఆరు షార్డ్లు వచ్చే మెయింటెనెన్స్ విండోలో.